గంటా ఎనిమిది నిమిషాల దారి

బెంగుళూరు నుంచి మద్రాసుకు గాలిలో నూట ఎనభై మైళ్ళు. ఈ అంకె నాకు ఎవరూ చెప్పలేదు. పుంగనూరులో నేను లెక్కలు చెప్పిన బడిలో గోడకు ఒక దేశపటం వేలాడుతుండేది. దాని మీద నల్లదారం బిగించి పట్టి, ఆ దారాన్ని పటం మూలనున్న మైళ్ళ కొలత మీద పరిచి నేనే తేల్చుకున్నాను. రైలు దారి అయితే రెండు వందల ఇరవై మైళ్ళ పైమాట. రైలు ప్రతి గుట్టనూ ప్రతి వంకనూ పలకరించి పోవాలి. విమానానికి ఆ మర్యాదలతో పని లేదు. ఆ రోజుల్లో పెద్ద విమానాలు గంటకు నూట అరవై మైళ్ళు పోతాయని పత్రికలో చదివాను. త్రైరాశికం వేస్తే గంటా ఎనిమిది నిమిషాలు. ఆ లెక్క తప్పు కాదు. తప్పయి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

యుద్ధం రోజులు. నాకు ఇరవై ఆరేళ్ళు. చదువు ఇంటరుతో ఆగింది గానీ పొగరు మాత్రం ఎమ్మే దాకా పోయింది. కుప్పం స్టేషనులో మా అక్క భర్త అసిస్టెంటు స్టేషను మాస్టరు. ఆకాశం తేటగా ఉంటే విమానాలు కూడా రైలు పట్టాల మీద ఒక కన్నేసుకుని పోతాయని ఆయన చెప్పేవాడు. మధ్యాహ్నం రెండున్నరకు బెంగుళూరులో లేచే విమానం ఒకటి రెండూ యాభైకి కుప్పం దాటేది. బావ దాన్ని రైల్వే గడియారంలో చూసి నాకు కార్డు రాసేవాడు: సోమవారం రెండూ యాభై ఒకటి, మంగళవారం రెండూ నలభై తొమ్మిది. అక్క ఎలా ఉందో ఒక్క ముక్క ఉండేది కాదు. యుద్ధకాలంలో ఇలాంటివి కార్డు మీద రాయకూడదన్న ఇంగితం మా ఇద్దరికీ లేదు. పిల్లలు నాకు ఇమానం అయివోరు అని పేరు పెట్టారు. పైకి కసురుకున్నాను గానీ లోపల ఉబ్బిపోయాను.

యుద్ధం కోసమని సర్కారు దేశంలోని గడియారాలన్నిటినీ ఒక గంట ముందుకు జరిపించింది. రైలు, కచేరీ, బడి కొత్త టైముకు మారాయి. పొలం, అంగడి, గుడి, మసీదు పాత టైములోనే ఉండిపోయాయి. బజారులో గడియారాలు బాగుచేసే సాయిబు తన అంగడి గోడకు రెండు గడియారాలు పక్కపక్కన తగిలించాడు, ఒకటి పాత టైముకు, ఒకటి కొత్తదానికి. ఎవరు టైము చెప్పినా వినేవాడు వెంటనే "పాతదా, కొత్తదా?" అని అడగడం ఊళ్ళో వాడుకైపోయింది. పెళ్ళి పత్రికల్లో కూడా ముహూర్తం పక్కన పాత టైము అని అచ్చు వేయించేవాళ్ళు.

అలా అడగనివాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. టైమంటే ఒక్కటే ఉండాలి, అది సర్కారు టైము. పల్లెవాళ్ళు ఎవరైనా గంట చెబితే అది పాతదే అయి ఉంటుందని నాకు తెలుసు, కాబట్టి ఒకటి కలుపుకుంటే సరి. అడగడమెందుకు? సాయిబు ఒకసారి నవ్వుతూ, "అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా అయివోరూ?" అన్నాడు. రాలిపోతాయనే అనుకున్నాను.

మా ఇంటికి వారానికి రెండు మోపులు కట్టెలు తెచ్చే ఒకామె ఉండేది. నలభై ఏళ్ళుంటాయేమో, సన్నటి మనిషి. నిమ్మనపల్లె వైపు దారిలో కొండ అంచునున్న పల్లె నుంచి ఆరు మైళ్ళు నడిచి వచ్చేది. ఒకరోజు ఆమెను పొద్దున ఏడింటికి రమ్మన్నాను. తన ఏడింటికి, అంటే నా ఎనిమిదింటికి వచ్చింది. అంతసేపూ పొయ్యి వెలగలేదు, నేను తినకుండా బడికి పోవలసి వచ్చింది. వీధిలో నలుగురూ చూస్తుండగా ఆమెను దులిపేశాను.

"నా వాకిట్లో పాత టైము చెల్లదు. నాకు టైము చెప్పాలంటే గంట కలిపి చెప్పు. అర్థమైందా?"

"అట్నే సామీ," అంది ఆమె, కొంగుతో మెడ తుడుచుకుంటూ. నా భార్య మదనపల్లె ఆడపడుచు, నెమ్మదస్తురాలు. కట్టెలామె వెళ్ళాక, "ఆరు మైళ్ళు మోసుకొచ్చిన మనిషిని అట్లా అనొచ్చునా?" అని మాత్రం అంది. ఆ తర్వాత కట్టెలామె నాకు ఎప్పుడు ఏ గంట చెప్పినా కలిపే చెప్పిందట. నేను గమనించలేదు. గమనించవలసిన మనిషని అనుకోలేదు.

ఆ కార్తీకంలో వారం రోజులు ముసురు పట్టింది. మంగళవారం పొద్దున పోలీసు అధికారి ఒకాయన బడికి వచ్చాడు. ముందురోజు రెండున్నరకు బెంగుళూరు వదిలిన విమానం మద్రాసు చేరలేదని మదనపల్లె నుంచి తంతి వచ్చిందట. అందులో ముగ్గురున్నారు. చూసినవాళ్ళు, విన్నవాళ్ళు వచ్చి చెప్పాలని ఊళ్ళో దండోరా వేయించాడు. "విమానాల సంగతి మీకు తెలుసునంట గదా, వచ్చినోళ్ళను మీరే విచారించండి," అన్నాడు. నేను వసారాలో బల్ల వేయించుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ కూర్చోలేదు.

ముందు వచ్చినవాళ్ళలో ఒకడు పిడుగు మోతను విమానమన్నాడు, ఒకడు ఆదివారం విన్నదాన్ని సోమవారానికి తెచ్చాడు. వాళ్ళను పంపించేసరికి విసుగెత్తింది. అప్పుడు కట్టెలామె వచ్చింది. మోపు అమ్ముకోను బజారుకు వచ్చి దండోరా విన్నదట. తల మీది చుట్టగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడింది.

"నిన్న మజ్జాన్నం సామీ. శెనక్కాయ చేన్లో ఉంటిమి. మబ్బులో మోత, శానా కిందికి. మా కొండకల్లా పోయి నిలిచిపోయె."

"ఎన్నింటికి?"

"మూడు గంటలకు సామీ."

పల్లెటూరి మూడు అంటే నాలుగు. "నాలుగు," అని గట్టిగా చదువుతూ కాగితం మీద వేశాను. చేనుగల ఆసామి దగ్గర జేబుగడియారం ఉండేదని, అందులో పాత టైము రెండయిందని అతను చెప్పాడని, నా కోసం ఆమె ఒకటి కలిపి మూడని చెప్పిందని నాకు అప్పుడు తెలియదు. "పాతదా, కొత్తదా" అని అడిగితే తెలిసేది.

"కాదు సామీ, నేను..." అంటూ ఆమె ఏదో మొదలుపెట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"నువ్వు చెప్పింది చాలమ్మా. లెక్క నేను చూసుకుంటా."

"ఇంగా ఒగటుండాది సామీ."

"పోయిరా, నీ కట్టెలు తడిసిపోతాయి."

ఆమె చుట్టగుడ్డ మళ్ళీ తల మీద పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను పోలీసు అధికారికి దారమూ పటమూ చూపించి పాఠం చెప్పాను. రెండున్నరకు లేచిన విమానం మూడూ ముప్పై ఎనిమిదికి మద్రాసు చేరాలి. నాలుగింటికి మన కొండ దగ్గర వినపడిందంటే అది వేరే విమానం, బహుశా మద్రాసు నుంచి ఎదురు వచ్చి మబ్బులు తప్పించుకుంటూ పోయింది. మీరు వెతకవలసింది తూర్పున. ఆయన ముచ్చటపడి రాసుకున్నాడు. వెతికే జనం పెద్దపంజాణి మీదుగా పలమనేరు అవతలి కనుమల్లోకి వెళ్ళారు. ఆ కొండకు ఎవరూ పోలేదు. కొండ అంచు పల్లెకు కూడా మాట చేరింది, అయివోరు లెక్కకట్టినాడు, ఆడ విమానం లేదు అని.

బుధవారం మధ్యాహ్నం పోస్టుమాను బావ కార్డు తెచ్చి ఇచ్చాడు. సోమవారం సాయంత్రం రాసింది. అందులో ఒక్కటే వాక్యం: ఈరోజు మన విమానం కుప్పం మీదుగా పోలేదు, మోత కూడా లేదు.

కుప్పం మీదుగా పోలేదంటే దారి తప్పింది. దారి తప్పి ఉత్తరానికి వస్తే పుంగనూరు కొండలకు చేరడానికి అరగంట చాలు. రెండున్నరా అరగంటా మూడు. ఆమె చెప్పిన మూడు. ఈ కూడిక నాలుగో తరగతి పిల్లవాడైనా చేస్తాడు, నేనూ చేశాను. వెంటనే పోలీసు స్టేషనుకు పోవలసింది. పోలేదు. ఈ కార్డు చూపిస్తే బావ ఉద్యోగం ఊడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే గానీ కారణం అది కాదు. నిన్ననే అంత గొప్పగా పాఠం చెప్పి ఇవాళ పోయి తప్పని ఎలా చెప్పడం? మబ్బుల్లో బావకు వినపడలేదేమో, రేపు చూద్దాం అనుకున్నాను. కార్డును చొక్కా జేబులో పెట్టుకుని పైతరగతికి చక్రవడ్డీ చెప్పాను. గురువారం కూడా జేబులోనే ఉంది. శుక్రవారం దాన్ని పొయ్యిలో వేశాను.

తొమ్మిదో రోజున వెదురు కొట్టేవాళ్ళకు విమానం కనపడింది. ఆ కొండ మీదే, పల్లెకు అవతలి వాలులో. ఇద్దరు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారు. మూడో మనిషైన తెల్లదొర మాత్రం వందగజాల దూరంలో ఒక బండకు ఆనుకుని ఉన్నాడు. విరిగిన కాలికి కర్ర కట్టి గుడ్డ చుట్టుకున్నాడు. పక్కన విమానానిదే వంగిన రేకు ఒకటి, పిడికిట్లో పట్టే గుండ్రాయి ఒకటి ఉన్నాయట. రేకును వానకు అడ్డం పెట్టుకున్నాడేమో అనుకున్నారు. అతను రెండు మూడు దినాలు బతికి ఉంటాడని డాక్టరు చెప్పాడు.

కూర్చున్నవాళ్ళలో ఒకరి చేతిగడియారం ఆగిపోయి ఉంటే, చూడమని సాయిబు దగ్గరికి తెచ్చారు. నేను అంగడి దాకా పోయాను. సాయిబు అద్దం కంటికి పెట్టుకుని చూసి, "మూడు దాటి రెండు నిమిషాలు. కొత్త టైము," అన్నాడు. తర్వాత అద్దం తీసి నా వైపు చూశాడు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది.

మదనపల్లెలో విచారణకు నన్ను పిలిచారు. బొగ్గుతో నడిచే బస్సులో పోతూ దారి పొడుగునా నిజం చెప్పాలనే అనుకున్నాను. బల్ల వెనుక కూర్చున్న అధికారి ఒకే ప్రశ్న అడిగాడు, నాలుగని ఎందుకు రాశావు అని. "ఆమె టైము తప్పు చెప్పింది," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చిన తీరుకు నాకే ఆశ్చర్యమేసింది, తడబాటు లేకుండా వచ్చింది. ఆయన కలం ఆపకుండా, పల్లెటూరి మనుషులకు టైము ఏం తెలుస్తుందిలే అన్నాడు. ఆ మాట నాది కాదు, కానీ నేను తల ఊపాను.

ఆమెకు శిక్ష ఏమీ పడలేదు. అంతకన్నా చెడ్డది జరిగింది. పుంగనూరు బజారులో ఆమె మోపు దించితే, దొర ప్రాణం తీసిన కట్టెలామె వచ్చింది అనేవాళ్ళు. ఒకరిద్దరు ఆమె కట్టె ఇంట్లో పెట్టకూడదన్నారు. ఆమె మా ఊరు మానేసి నిమ్మనపల్లె వైపు మోసుకుపోవడం మొదలుపెట్టింది. నా భార్య వేరే చోట పచ్చికట్టె కొని పొగలో కళ్ళు నులుముకుంటూ, "ఆమె యాల రాదు, ఎందుకు మానేసె?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇంట్లో కూడా అబద్ధం అలవాటైపోయింది.

అప్పటి నుంచి మధ్యాహ్నం రెండున్నర అయితే నా లోపల ఒక లెక్క మొదలయ్యేది. ఇప్పుడు లేచింది. ఇప్పుడు కుప్పం. మూడు కొట్టేసరికి నా చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. పిల్లలు దాన్ని కనిపెట్టి, మూడు కాగానే వాళ్ళూ కిక్కురుమనకుండా కూర్చునేవాళ్ళు. అంతకుముందు నా బెత్తానికి కూడా అంత నిశ్శబ్దం రాలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు భయమేసేది. దేనికో చెప్పలేను. ఎవరో వస్తారని, వచ్చి ఎన్నింటికి అని అడుగుతారని. మూడూ ముప్పై ఎనిమిది అయ్యేదాకా నల్లబల్ల మీద అంకె పడేది కాదు. విమానం మద్రాసులో దిగిపోయి ఉంటుందనుకుని అప్పుడు పాఠం సాగించేవాణ్ణి.

యుద్ధం ముగిసింది. సర్కారు గడియారాలను మళ్ళీ గంట వెనక్కి తిప్పించింది. సాయిబు కొత్త టైము గడియారాన్ని గోడ మీది నుంచి దించి దుమ్ము దులుపుతూ, "చూడండి అయివోరూ, తీసుకున్న గంట వాపసు ఇచ్చేసినారు," అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నేను ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. నా భార్య కంచం పక్కకు జరిపి అడిగింది. ఆమెకు అంతా చెప్పాను. చాలాసేపు విని, "నాకు చెప్పి ఏం లాభం? ఆ యమ్మకు పోయి చెప్పండి," అంది.

ఆదివారం ఆరు మైళ్ళు నడిచి ఆ పల్లెకు వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. నన్ను చూసి లేచి, మంచం వాల్చి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. జుట్టు సగం నెరిసిపోయింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"అమ్మా, తప్పు నీది కాదు. నువ్వు మూడని సరిగ్గానే చెప్పినావు. నేను దాని మీద ఇంకో గంట కలిపితి. విచారణలో నీ మీదికి తోసేస్తి."

ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెలుసు సామీ. మీరు నాలుగని గెట్టిగా అంటిరి గదా. నేను కలిపే చెప్తినని చెప్పబోతి, మీరు చెయ్యి అడ్డం పెడితిరి. అయివోరు గదా, ఆయన లెక్క ఆయనకుంటాదిలే అనుకుంటి."

"ఆ పొద్దు ఇంకొకటి ఉండాదంటివే. ఏంది అది?"

ఆమె మళ్ళీ కూర్చుని రాయి చేతిలోకి తీసుకుంది, కానీ కొట్టలేదు.

"సోమారం మాపటేళ కొండ మీద రేకు కొట్టినట్లు వినపడె సామీ. మూడు దెబ్బలు కొట్టేది, నిలిపేది. మళ్ళా మూడు. అది చెప్దామనే మంగళారం మీ కాడికి వస్తి. మీరేమో ఆడ ఇమానం లేదంటిరని బజార్లో అనిరి. ఇంటికొచ్చి మావోళ్ళకు అదే చెప్తి. ఇమానం లేనప్పుడు కొట్టేదెవురు? దయ్యమే అనిరి. వాకిళ్ళకు యాపాకు కడితిమి. బిడ్డల్ని బయటికి ఇడవలేదు."

ఆమె కొండ వైపు చూడకుండా చెప్పింది.

"అది పోవల్లని ఊరంతా కూడి తప్పెట్లు కొడితిమి సామీ. మా తప్పెట ఇనపడితే అది ఇంగా గెట్టిగా కొట్టె. మేమెంత కొడితే అదంత కొట్టె."

"ఎన్ని దినాలమ్మా?"

"సోమారం మాపు, మంగళారమంతా, బుధారం పొద్దుగుంకేదాకా. బేస్తవారం లేదు. దయ్యం పోయిందని కోడిని కోస్తిమి."

బుధవారం మధ్యాహ్నం బావ కార్డు నా చొక్కా జేబులో ఉంది. పుంగనూరు నుంచి ఆ పల్లెకు నడిచినా రెండు గంటలే. ఆ లెక్క కూడా నేనే వేసుకున్నాను, ఆమె వాకిట్లో నిలబడి, ఆమె ఇచ్చిన చెంబు చేత్తో పట్టుకుని. ఆమె చింతపండు మీద రాయి ఎత్తి దించడం మొదలుపెట్టింది. మొదటి దెబ్బకే, వద్దమ్మా, ఆపు అన్నాను.